ఇంటి ప్లానులో కనిపించని బండ

కొంతకాలం క్రిందట మా మిత్రులొకరు జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టదలచి, ప్లాను గీయించి మాకు చూపించారు. గదుల కొలతలు, మెట్లు, కార్లు నిలిపే చోటు, ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీ అన్నీ చక్కగా గుర్తించి ఉన్నవి. అంతకు ముందే ఆ స్థలాన్ని చూచి వచ్చినవారం కనుక మాకొక సందేహం కలిగింది. స్థలం నడుమ ఏనుగంత బూడిదరంగు బండ ఒకటి ఉన్నది. దాని భుజానికి ఆనుకొని మరొక గుండు నిలిచి ఉన్నది. ప్లానులో ఆ రెండింటి జాడ లేదు. "బండ ఏమైనదండీ?" అని అడిగాము. "పది రోజులలో తీసివేస్తారట. ఇంక దానిని గీయడమెందుకు?" అని ఆయన బదులు చెప్పారు.

ఆయన మాటలో తప్పేమీ లేదు. ఇంటి అనుమతికై దరఖాస్తు పెట్టినప్పుడు నగరపాలక కార్యాలయంలో ముఖ్యంగా చూచేవి కొన్ని ఉన్నవి. స్థలం హక్కు ఎవరిది, ముందున్న రోడ్డు వెడల్పు ఎంత, ఎన్ని అంతస్తులు, నాలుగు వైపుల ఎంత ఖాళీ వదలినారు, అగ్నిప్రమాదం సంభవిస్తే వాహనం లోపలికి రాగలదా. ఇవన్నీ అవసరమైన ప్రశ్నలే. అయితే ఈ కట్టడం ఈ వీధికి, ఈ గుట్టకు తగియున్నదా అన్న ప్రశ్న వీటిలో లేదు. ఆ ప్రశ్నను మన నగరంలో ఎవరు ఎప్పుడు అడిగారు, అడగడం ఎప్పుడు మానివేశారు అన్న చరిత్రను శ్రోతలకు వివరించడమే ఈనాటి మా ఉద్దేశం.

ఒకరు కట్టబోయే కట్టడపు రూపాన్ని మరొకరు ముందుగా పరిశీలించి, అది ఆ చోటికి తగునో తగదో చెప్పే పద్ధతి లోకంలో క్రొత్తది కాదు. అమెరికాలో దక్షిణ కెరొలీనా రాష్ట్రంలోని చార్ల్‌స్టన్ నగరం తన పాతపేట కోసం 1931లోనే ఇట్టి మండలి నొకదానిని ఏర్పరచుకొన్నది. మన దేశ రాజధానిలో 1973 నాటి శాసనం వలన ఢిల్లీ అర్బన్ ఆర్ట్ కమిషన్ ఏర్పడింది. హైదరాబాదులో ఈ కథ అంతకంటె ముందే, ఒక వరదతో ఆరంభమైనది.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరాన్ని ముంచివేసింది. 15,000 మంది వరకు ప్రాణాలు కోల్పోయినట్లు చెప్పుకొంటారు. మరుసటి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని రప్పించి సలహా అడిగారు. ఆ సలహా ఫలితంగానే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వెలసినవి. నీటిని అదుపు చేయడంతో పని తీరలేదు. నగరాన్ని తిరిగి నిర్మించుకోవలసి వచ్చింది. అందుకై 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఉర్దూలో దానిని ఆరాయిషే బల్దా అనేవారు. నగరానికి అలంకారమని ఆ మాటకు అర్థం.

ఈ మండలి ఇరుకు పేటలను తొలగించి రోడ్లు వెడల్పు చేసింది, ఇండ్లు కట్టించింది. చార్మినారు నుండి మూసీ వైపు వెళ్ళే పత్తర్‌గట్టి వీధిని నేటికీ చూడవచ్చు. క్రింద దుకాణాలు, పైన నివాసాలు, ముందు వరుసగా రాతి కమానులు. ఒక దుకాణం గొప్పదనీ మరొకటి చిన్నదనీ వీధిలో నిలిచిన వానికి తెలియదు; వీధి అంతా ఒకే కట్టడం వలె ఉన్నది. 1935 నాటి మొజంజాహి మార్కెట్టు కూడా ఆ కాలపు రాతిపనియే. అయితే ఒక సంగతి మరువరాదు. ఆ మండలి ప్రభువు ఆజ్ఞతో పనిచేసినది. స్థలమూ, ధనమూ, నిర్ణయమూ ఒక్కచోటనే ఉండేవి. కనుక రూపం విషయంలో ఎవరినీ ఒప్పించవలసిన అవసరం దానికి లేకపోయింది. 1960లో ఆ మండలి ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ మండలిలో కలిసిపోయింది. అటుపై నగరం పెరిగినది ఎక్కువగా ప్రజల స్వంత స్థలాలలో, స్వంత ధనంతోనే. ఇట్టి చోట వీధి రూపాన్ని కాపాడడానికి మిగిలిన సాధనం ఒక్కటే: కట్టకముందు కాగితాన్ని చూచే కన్ను.

సరిగ్గా ఆ కాలంలోనే నగరం పడమటి గుట్టలెక్కింది. బంజారాహిల్స్‌లో మెహదీ నవాజ్‌జంగ్ వంటివారు అంతకు ముందే ఇండ్లు కట్టుకొన్నారు. 1960ల తొలినాళ్ళలో చల్లగళ్ళ నరసింహం గారి పూనికతో జూబ్లీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం వెలసింది. అప్పుడు అక్కడ ఉన్నవి రాళ్ళు, తుప్పలు, గాలి. ఆ రాళ్ళ వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూగర్భంలో కరిగి గట్టిపడిన గ్రానైటు, పైనున్న పొరలు అరిగిపోగా బయటపడి, ఎండకూ వానకూ పగిలి, మూలలు గుండ్రనై, ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు నిలిచినది. ఎవరూ పేర్చలేదు, చుట్టూ ఉన్నది కొట్టుకొనిపోగా అవి మిగిలినవి.

సంఘం వెనుకనే చలనచిత్ర పరిశ్రమ కూడ వచ్చింది. మద్రాసు నుండి తెలుగు సినిమా క్రమంగా హైదరాబాదుకు తరలివచ్చిన రోజులవి. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారి అన్నపూర్ణ స్టూడియో ఆ గుట్టల నడుమ ఆరంభమైనది. తరువాత ఫిల్మ్ నగర్ వెలసింది. దాని గుట్టమీద డి. రామానాయుడు గారు స్టూడియో నిర్మించారు. సినిమావారు సెట్టు వేస్తే చిత్రీకరణ ముగియగానే విప్పివేస్తారు; క్రింది నేల మునుపటి వలెనే ఉంటుంది. ఇల్లు అట్టిది కాదు. ఇంటికోసం పగులగొట్టిన బండను తిరిగి నిలబెట్టగల కళాదర్శకుడు ఏ స్టూడియోలోనూ లేడు.

గుట్టలు తరిగిన విధానం గమనింపదగినది. ముందు లేఔటు గీచి రోడ్లు వేస్తారు; ప్లాట్లు కోస్తారు; పిమ్మట ఒక్కొక్క ప్లాటుకు ఒక్కొక్క ప్లాను వస్తుంది. ఒక్కొక్క ప్లానునూ విడిగా చూస్తే నియమాలకు లోబడియే ఉన్నది. ఒక బండ పోతే గుట్టకు లోటేమున్నదనిపిస్తుంది. కాని నూరు ప్లాట్లలో నూరు బండలు పోయిన పిమ్మట గుట్టయే ఉండదు. మొత్తాన్ని చూడవలసిన పని మాత్రం ఏ ఒక్క బల్లమీదకూ రాలేదు. 1975లో హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ, అనగా హుడా, ఏర్పడి, 1981లో జోనింగు నియమాలు వచ్చినా, అవి ప్రధానంగా ఏ భూమిని దేనికి వాడవచ్చునో చెప్పేవే.

మార్పు 1995లో వచ్చింది. ఆ యేడు ఏప్రిల్‌లో బొంబాయి వారసత్వ కట్టడాలకు నియమాలు చేసికొనగా, డిసెంబరులో హైదరాబాదు కూడ జోనింగు నియమాలలో 13వ నియమాన్ని చేర్చుకొన్నది. దాని పద్ధతి ఇది. కాపాడదగిన కట్టడాల జాబితా నొకదానిని ప్రకటిస్తారు. ఆ జాబితాలోని దానిని కూల్చవలెనన్నా, మార్చవలెనన్నా, ముందుగా హుడా అనుమతి కావలెను. హుడా ఆ విషయంలో నిపుణులతో కూడిన వారసత్వ పరిరక్షణ సంఘం సలహా తీసికొనవలెను. ఆ సంఘానికి శిక్షించే అధికారం లేదు. చూచి చెప్పే అధికారం ఉన్నది. ఆ మాత్రమే చాలాసార్లు చాలును. ఏలనగా, మరొకరు చూస్తారని తెలిసినప్పుడు గీచేవాడు మొదటనే జాగ్రత్తగా గీస్తాడు.

ఈ జాబితాలో మన నగరం చేసిన విశేషమొకటి ఉన్నది. కట్టడాలతోబాటు తొమ్మిది శిలా సముదాయాలను కూడ అందులో చేర్చింది. మనిషి కట్టనిదానిని కట్టడాల జాబితాలో చేర్చిన నగరాలు అరుదు. 1996లో ఏర్పడిన శిలా పరిరక్షణ సంఘం వారి శ్రమ దీనికి తోడైనది. జూబ్లీహిల్స్‌లో పుట్టగొడుగు వంటి శిల, స్తంభం వంటి శిల, ఫిల్మ్ నగర్ సమీపాన రాకాసి వంటి శిల, దుర్గం చెరువు చుట్టునున్న గుట్టలు ఆ జాబితాలోనివే. వాటికి పేర్లు పెట్టడం వేడుక కోసం కాదు. పేరులేని బండ అడ్డంకి. పేరున్న బండ ఊరిది. అయితే జాబితాలో లేని వేల గుండ్లను గూర్చి అడిగేవారు అప్పుడూ లేరు.

ఈ ఏర్పాటు ఇరవై సంవత్సరాలు నడిచింది. 2015 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 13వ నియమాన్ని తొలగించింది. 2017లో రాష్ట్రం వారసత్వ సంపదకు వేరే శాసనం చేసింది. ఆ మార్పుల అనంతరం, పంజాగుట్ట సమీపాన గుట్టమీదనున్న ఇర్రంమంజిల్ ప్రాసాదాన్ని తొలగించి ఆ చోట శాసనసభా భవనం కట్టవలెనని 2019లో ప్రభుత్వం నిర్ణయించగా, పౌరులు కొందరు న్యాయస్థానానికి వెళ్ళారు. విధివిహితమైన పద్ధతిని పాటింపక చేసిన నిర్ణయం చెల్లదని ఆ యేడు సెప్టెంబరు 16న హైకోర్టు దానిని కొట్టివేసింది. ప్రభుత్వం కట్టదలచినా సరే, మరొక కన్ను చూడవలసి యున్నదని దాని సారాంశం.

ఇక సామాన్య గృహస్థుని అనుమతి వేరొక దారిన నడిచింది. 2020 నాటి టీఎస్-బీపాస్ శాసనం ప్రకారం 75 చదరపు గజాల లోపు చిన్న ఇండ్లకు అనుమతియే అక్కరలేకపోయింది. 500 చదరపు మీటర్ల వరకు స్థలాలలో యజమాని స్వయంగా ధ్రువీకరిస్తే వెంటనే అనుమతి. అంతకు మించినవాటికి 21 రోజుల గడువు. 2025లో బిల్డ్‌నౌ అనే క్రొత్త ఏర్పాటు వచ్చింది. అందులో నమూనాను యంత్రమే సరిచూస్తుంది. కార్యాలయాల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగినవారికి ఇది గొప్ప ఊరట. దానిని తక్కువ చేయము. కాని యంత్రం కొలవగలిగినది మనం గీచినదానినే. గీయని బండను అది ఎట్లా చూస్తుంది?

చూడకపోవడం వలన పోయేది అందం మాత్రమే అనుకొనరాదు. 2016 జూలై 24న ఫిల్మ్ నగర్‌లో కట్టుబడిలో ఉన్న ఒక పోర్టికో కప్పు కూలి ఇద్దరు కార్మికులు మరణించారు. ఆ నిర్మాణానికి అనుమతి లేదని నగరపాలక అధికారులు ప్రకటించారు. కాగితాన్ని మరొకరు చూడవలెననే నియమం వెనుక ఇట్టి ప్రాణాలు కూడ ఉన్నవి. యజమాని సొమ్ము యజమానిదే. కాని కప్పు క్రింద నిలిచేవాడు, గుట్టవైపు చూచేవాడు, వానకాలంలో ఆ బండల నడుమ నుండి జారే నీటితో క్రింద బ్రతికేవాడు ఆ ప్లానులో సంతకం చేయనివారు. వారి పక్షాన చూచేందుకే పరిశీలక సంఘాలు పుట్టినవి.

ఇది సాధ్యమా అని అడిగేవారికి బంజారాహిల్స్‌లోనే ఉదాహరణ ఉన్నది. నగర చరిత్రకారులు, 2021లో స్వర్గస్థులైన నరేంద్ర లూథర్ గారు తన స్థలంలోని శిలను పగులగొట్టక, దాని చుట్టూనే ఇల్లు కట్టుకొన్నారు. ఏ నియమమూ ఆయనను బలవంతపెట్టలేదు.

మా మిత్రుల సంగతి చెప్పి ముగిస్తాము. మా సంభాషణ జరిగిన వారం దినాలకు ఆయన బండను కూడ గుర్తించిన మరొక ప్లాను గీయించారు. ఒక గది తగ్గింది. మెట్లు ప్రక్కకు జరిగినవి. ఇంటిలో ఆ గదిని గూర్చి కొంత వాదం కూడ జరిగినదట. చివరకు రెండవ ప్లానే దాఖలు చేశారు, అనుమతి వచ్చింది. మొదటిది దాఖలు చేసినా అట్లే వచ్చియుండేది. రెండింటికీ నియమాల దృష్టిలో భేదం లేదు. బండ మిగలడానికి కారణం ఒకరు చూచి అడగడమే. ఆ అడగడాన్ని ఒక మిత్రుని రాకపోకలకు వదలక, పదిమంది ఎదుట జరిగే పనిగా ఏర్పరచుకొన్ననాడు మిగిలిన గుట్టలు నిలుస్తవి. అంతవరకు, ఇల్లు కట్టదలచిన శ్రోతలను మేము కోరేది ఒక్కటే. ప్లాను గీయించేటప్పుడు, ఆ స్థలంలో మీకంటె ముందునుండి ఉన్నదానిని కూడ అందులో గీయించండి.