అందరి ఆటస్థలం పుట్టిన కథ

చక్రాల కుర్చీకి ర్యాంపు కట్టడంతో ఈ కథ మొదలవలేదు. పాత ఇటుకలు, చెక్కముక్కలు, సుత్తులు, మేకులతో మొదలైంది.

1943లో డెన్మార్క్ జర్మన్ సేనల ఆక్రమణలో ఉంది. ఆ ఏడాదే కోపెన్‌హాగన్ శివారు ఎమ్‌డ్రుప్‌లో, పిల్లలు తమకు తోచింది తామే కట్టుకునే ఆటస్థలం తెరిచారు. ఉద్యానశిల్పి సోరెన్సన్ ఆలోచన అది. మనం కట్టిపెట్టిన ఆటవస్తువులకన్నా పారేసిన సామాన్లే పిల్లలను ఎక్కువ లాగుతాయని ఆయన గమనించాడు. 1946లో దాన్ని చూసిన ఇంగ్లండు ఉద్యానశిల్పి లేడీ అలెన్, బాంబులకు నేలమట్టమైన స్థలాల్లో అలాంటివి పెట్టాలని పట్టుబట్టింది.

ఆమె అంతటితో ఆగలేదు. వైకల్యమున్న పిల్లలంటే కాపలా కాయాల్సినవాళ్లేనని అందరూ అనుకునే కాలమది. ఎక్కితే పడతారు, తడిస్తే జలుబు చేస్తుందని భయం. ఆ పిల్లలకూ మట్టీ నీళ్లూ కావాలని, కాస్త ప్రమాదం కూడా కావాలని ఆమె వాదించింది. 1970లో, డెబ్బై దాటిన వయసులో, లండన్‌లోని చెల్సీలో వాళ్లకోసం ఆటస్థలం తెరిపించింది. ఈ చరిత్రలో అసలైన మలుపు ఇదేనని నా నమ్మకం. అక్కడ జాలికి చోటు లేదు, ఆటకే చోటు.

పిల్లలందరూ ఒకేచోట ఆడాలన్న పట్టుదల అమెరికాలో బలపడింది. 1990లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 1996లో వెస్ట్ హార్ట్‌ఫర్డ్‌లో, బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి చొరవతో అందరికీ పనికొచ్చే ఆటస్థలం వెలిసింది. 2010 నాటికి కొలతలు చట్టంలోకి ఎక్కాయి. కుర్చీలోంచి పిల్ల తానే జరిగి ఎక్కే మెట్టు 11 నుంచి 18 అంగుళాల ఎత్తులో ఉండాలి. ఆటవస్తువుల పైకి వెళ్లే ర్యాంపు 12 అడుగులకు అడుగుకన్నా ఎక్కువ లేవకూడదు. చక్రాలు దిగబడే ఇసుక దారి పనికిరాదు.

కొలతలు అవసరమే, కానీ చాలవు. ర్యాంపెక్కి వెళ్లిన పిల్లకు పైన ఆడటానికి ఏమీ లేకపోతే ఏం లాభం? చూపు లేని పిల్లలకు మోగేవీ తడిమేవీ ఉండాలి. గోల భరించలేని ఆటిజం పిల్లలకు కాసేపు ఒదిగి కూర్చునే మూల ఉండాలి.

మన దేశంలో బెంగళూరు తల్లిదండ్రులు ‘కిలికిలి’ సంస్థ పెట్టి, కార్పొరేషన్‌తో కలిసి పార్కులను ఇలా మార్పించారు. వైకల్యమున్న పిల్లలకు ఇతర పిల్లలతో సమానంగా ఆడుకునే హక్కుందని ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారత్ 2007లోనే ఆమోదించింది. మీ వార్డులో పార్కుకు కొబ్బరికాయ కొట్టేదాకా ఆగకండి. ప్లాను గీస్తుండగానే వెళ్లి, ఈ పిల్లలు ఎక్కడ ఆడతారో చూపించమని అడగండి.