మూడు పిన్నుల కథ: చిన్న ట్రాక్టర్‌కి చవక పనిముట్లు ఎలా వచ్చాయి?

ఈరోజు టాపిక్ మినీ ట్రాక్టర్ పనిముట్లు. ట్రాక్టర్ లోన్ మీద ఇంటికి వచ్చేస్తుంది. ఆ తర్వాత చేతిలో మిగిలేది కొంచెం డబ్బు. గొర్రు కొనాలా, రోటవేటర్ కొనాలా? షోరూమ్‌లోనా, వెల్డింగ్ షాపులోనా, సెకండ్ హ్యాండ్‌లోనా? ఆ కొంచెం డబ్బు సరిపడని పనిముట్టు మీద పెడితే, వాయిదా కట్టే రోజుకి ట్రాక్టర్ చెట్టు కింద ఖాళీగా నిలబడి ఉంటుంది. సరైన ఎంపిక ఎలాగో తెలియాలంటే ముందు ఒక చిన్న చరిత్ర చెప్పాలి. కొంచెం ఓపిక పట్టండి, చివర్లో నేరుగా కొనుగోలు దగ్గరికే వస్తాను.

ఏ ట్రాక్టర్ అయినా వెనక నుంచి చూడండి. కింద రెండు లింకులు, పైన ఒక టాప్ లింక్. మూడు పిన్నులు పెడితే పనిముట్టు తగులుకుంటుంది, లివర్ లాగితే లేస్తుంది. మనకి ఇది మామూలు విషయం. వందేళ్ల కింద ఇది లేదు.

1917లో హెన్రీ ఫోర్డ్ కంపెనీ ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ తయారీ మొదలుపెట్టింది. అప్పట్లో నాగలిని ట్రాక్టర్ వెనక కట్టి, ఎద్దులతో లాగించినట్టే లాగించేవాళ్లు. నాగలి రాయికో వేరుకో తగిలి ఆగిపోయిందనుకోండి, ఇంజిన్ మాత్రం ఆగదు. ముందు చక్రాలు గాల్లోకి లేచి, ట్రాక్టర్ వెనక్కి తిరగబడి డ్రైవర్ మీద పడేది. ప్రాణాలు పోయేవి. అలా లేవకుండా ఉండాలంటే ట్రాక్టర్ బరువుగా ఉండాలి. బరువు పెరిగితే ధర పెరుగుతుంది, పొలం గట్టిపడుతుంది. అంటే చిన్న రైతుకి ట్రాక్టర్ అందదు.

సరిగ్గా అదే 1917లో ఐర్లాండ్‌లో హ్యారీ ఫెర్గూసన్ అనే మెకానిక్‌కి అక్కడి వ్యవసాయ శాఖ ఒక పని అప్పగించింది: ట్రాక్టర్లతో దుక్కి మెరుగ్గా జరిగే దారి చూడమని. ఈయన రైతు కొడుకే. 1909లో సొంతంగా విమానం కట్టి ఎగిరిన మనిషి కూడా. చాలా ఏళ్ల ప్రయోగాల తర్వాత ఆయనకి తేలింది ఏంటంటే, నాగలిని వెనక కట్టి లాగకూడదు, ట్రాక్టర్‌లో ఒక భాగంగా మోయాలి. కింది లింకులు లాగుతాయి. నేల ఎదురు తిరిగినప్పుడు టాప్ లింక్ ట్రాక్టర్‌ని ముందుకి నెడుతుంది, అందుకే ముందు చక్రాలు లేవవు. నాగలి బరువు, మట్టి కిందికి లాగే బలం రెండూ వెనక చక్రాల మీద పడి పట్టు పెరుగుతుంది. దీనికి హైడ్రాలిక్ లిఫ్ట్ జతచేశారు. చాలా ట్రాక్టర్లలో సీటు పక్కన ఉండే డ్రాఫ్ట్ లివర్ ఆయన ఆలోచన నుంచి వచ్చిందే. దీనివల్ల తేలికైన ట్రాక్టర్ కూడా బరువైన పని చేయగలిగింది. మీ మినీ ట్రాక్టర్ పుట్టుక అక్కడుంది.

కానీ మొదట్లో ఇది చవక కాదండి. 1936లో డేవిడ్ బ్రౌన్‌తో కలిసి అమ్మిన ఫెర్గూసన్ ట్రాక్టర్ ఫోర్డ్‌సన్ కన్నా ఖరీదు. పైగా రైతు దగ్గరున్న పాత పనిముట్లు దానికి పట్టవు, అన్నీ కొత్తవే కొనాలి. అందుకే పెద్దగా అమ్ముడుపోలేదు.

1938లో ఫెర్గూసన్ అమెరికా వెళ్లి హెన్రీ ఫోర్డ్‌కి తన ట్రాక్టర్ చూపించాడు. ఒప్పందం కాగితం మీద రాయలేదు, చేతులు కలిపి ఒప్పుకున్నారు. 1939లో ఫోర్డ్ 9ఎన్ వచ్చింది, ధర 585 డాలర్లు. తర్వాత ఫోర్డ్ మనవడు హెన్రీ ఫోర్డ్ 2 పగ్గాలు చేపట్టి ఆ ఒప్పందాన్ని తెంచేసి, 1947లో అదే పద్ధతితో 8ఎన్ ట్రాక్టర్ తెచ్చాడు. ఫెర్గూసన్ 25 కోట్ల డాలర్లకి పైగా దావా వేశాడు. 1952లో 92 లక్షల 50 వేల డాలర్లకి రాజీ కుదిరింది. కేసు నడుస్తుండగానే ముఖ్యమైన పేటెంట్ల గడువు తీరిపోతూ వచ్చింది. తర్వాత మిగతా కంపెనీలు కూడా మూడు పిన్నుల పద్ధతికి వచ్చేశాయి. కొలతలకి అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది.

నేను సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి నాకు ఇది యూఎస్‌బీ పోర్ట్‌లా కనిపిస్తుంది. పోర్ట్ అందరిదీ ఒకటే అయితే చార్జర్ ఎవరైనా చేయొచ్చు. 1960లో మద్రాసులో టాఫే, మాస్సీ ఫెర్గూసన్‌తో కలిసి మొదలైంది. మన ఊళ్లలో మాస్సీ బండి అంటామే, ఆ పేరులో ఉన్న ఫెర్గూసన్ ఈయనే. ఇప్పుడు ఊరి వెల్డింగ్ షాపులో చేసిన గొర్రు ఏ కంపెనీ ట్రాక్టర్‌కైనా తగిలించగలుగుతున్నామంటే కారణం ఆ కొలత అందరిదీ కావడమే.

రోటవేటర్ దారి వేరు. 1912లో ఆస్ట్రేలియాలోని గిల్‌గాండ్ర దగ్గర క్లిఫర్డ్ హోవర్డ్ అనే కుర్రాడు ఇంజిన్‌తో తిరిగే దుక్కి బ్లేడ్ల మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. మట్టి పక్కకి ఎగిరిపోతుంటే బ్లేడుని ‘ఎల్’ ఆకారంలో వంచాడు. ఆ బ్లేడే ఇప్పటికీ మన రోటవేటర్‌లో ఉంది. దాన్ని తిప్పే పీటీవో షాఫ్ట్‌కి కూడా తర్వాత ఒకే ప్రమాణం స్థిరపడింది: నిమిషానికి 540 తిరుగుళ్లు, ఆరు గాళ్ల షాఫ్ట్.

ఇప్పుడు కొనుగోలుకి వద్దాం. మొదటిది, మీ ట్రాక్టర్ కేటగిరీ చూసుకోండి. సాధారణంగా 20 నుంచి 45 హెచ్‌పీ వరకు కేటగిరీ 1. కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, టాప్ లింక్ పిన్ను 19. ఇంకా చిన్న వాటిలో కొన్ని కేటగిరీ 0, కొన్ని ఇరుకు రకం 1ఎన్. పెద్ద ట్రాక్టర్ పనిముట్టు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తే దాని పిన్ను 28 ఉండొచ్చు. "పిన్ను మార్చేస్తే సరిపోతుంది" అంటారు. పిన్ను మారుతుంది, పనిముట్టు బరువు మారదు. మీ లిఫ్ట్ ఎంత మోస్తుందో ట్రాక్టర్ బుక్‌లో ఉంటుంది, ముందు అది చూడండి.

రెండోది, గొర్రు, గుంటక, లెవెలింగ్ బ్లేడు లాంటి తిరిగే భాగాలు లేనివి నమ్మకమైన వెల్డింగ్ షాపులోనో సెకండ్ హ్యాండ్‌లోనో తీసుకున్నా పర్వాలేదు. ఫ్రేమ్ వంకర, పిన్ను రంధ్రాల అరుగుదల చూస్తే చాలు. డబ్బు అక్కడ మిగులుతుంది.

మూడోది, పీటీవోతో తిరిగే వాటిలో చవక వెతకొద్దు. గేర్‌బాక్స్ పోతే మిగిల్చిన డబ్బు మొత్తం రిపేర్‌కే పోతుంది. 15 హెచ్‌పీ బండికి మూడడుగుల లోపు, 24 హెచ్‌పీకి నాలుగడుగుల రోటవేటర్ మించొద్దు. షాఫ్ట్ మీద కవర్ లేకపోతే ఆ బేరం వదిలేయండి. తువ్వాలో చీర కొంగో ఒక్కసారి చిక్కుకుంటే మనిషిని లాగేస్తుంది. ఏడాదిలో నాలుగైదు రోజుల పనే అయితే రోటవేటర్ అద్దెకి తెచ్చుకోవడమే మేలు.

నాలుగోది, ఒక కంపెనీ బండికే పట్టే ప్రత్యేక బిగింపు ఉన్న పనిముట్టు కొనేముందు రెండుసార్లు ఆలోచించండి. రేపు ట్రాక్టర్ మారిస్తే అది పనికి రాదు, అమ్ముదామంటే కొనేవాడు దొరకడు. 1936లో ఫెర్గూసన్ బండి కొన్న రైతుకి వచ్చిన ఇబ్బంది సరిగ్గా అదే.

కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక టేపు పెట్టుకోండి. పిన్ను మందం, రెండు కింది పిన్నుల మధ్య దూరం కొలవండి. బేరం ఆ తర్వాత మొదలుపెట్టండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.