కచ్చులూరు బోటు ప్రమాదం: గోదావరిది తప్పా.. మనిషిదా?

బోటు మునిగిందంటే వరద, సుడిగుండం అంటాం. కానీ చాలాసార్లు ప్రమాదం ఒడ్డు మీదే మొదలవుతుంది.

2019 సెప్టెంబర్ 15. పాపికొండల టూర్‌కు బయల్దేరిన రాయల్ వశిష్ట బోటు తూర్పుగోదావరి జిల్లా కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో హైదరాబాద్, వరంగల్ నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. దగ్గర్లోని గిరిజనులు పడవలేసుకొచ్చి ఆదుకున్నారు. 26 మందే బయటపడ్డారు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం టీమ్ అక్టోబర్ 22న బోటును బయటకు తీసింది.

ఆ మలుపులో సుడులు తిరుగుతాయని స్థానికులకు తెలుసు. అయినా వరద గోదావరిలోనే బోటు కదిలింది. భోజనాల టైమ్ అని చాలామంది లైఫ్ జాకెట్లు తీసేశారని ప్రాణాలతో బయటపడ్డవాళ్లు చెప్పారు.

అంతకు రెండేళ్ల ముందు, 2017 నవంబర్ 12న విజయవాడ సమీపంలోని పవిత్ర సంగమం వద్ద కృష్ణాలోనూ ఇదే కథ. పర్మిషన్ లేని బోటు, కెపాసిటీకి మించి జనం, లైఫ్ జాకెట్లు లేవు. 20 మందికి పైగా చనిపోయారు.

టూర్‌కి వెళ్తున్నారా? నదిలో వరద ఉందా, బోటుకు పర్మిషన్ ఉందా, ఎంతమందిని ఎక్కిస్తున్నారో ఒడ్డు మీదే అడగండి. డౌట్ వస్తే ఎక్కకండి. ఎక్కితే మాత్రం దిగేదాకా జాకెట్ తీయొద్దు.