అధిక రక్తపోటు, హృదయ ధమని వ్యాధి (సూరత్ తెలుగువారు)

విశ్రాంతిగా ఉన్నప్పుడు వేర్వేరు రోజుల్లో కొలిచినా పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ, అంతకు మించి గానీ ఉంటే అది అధిక రక్తపోటు, వాడుకలో బీపీ. ఏళ్ల తరబడి ఆ ఒత్తిడికి గుండె కండరానికి రక్తం అందించే ధమనుల లోపొర దెబ్బతిని, కొవ్వు పేరుకుని, దారి ఇరుకవుతుంది; ఇదే హృదయ ధమని వ్యాధి. ఆ పూడిక చిట్లి నెత్తురు గడ్డకడితే గుండెపోటే. అప్పటిదాకా చాలామందికి ఏ బాధా తెలియదు. తలనొప్పి లేదు కనుక బీపీ లేదనుకోవడం ఒట్టి భ్రమ.

సూరత్‌లో, ముఖ్యంగా లింబాయత్ వైపు, తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు ఎక్కువ. మరమగ్గాల మీద 12 గంటల షిఫ్టు, రాత్రి పని, ఎదుటివాడి మాట వినపడనివ్వని మోత, దవడన పొగాకు: వీటిలో ఏదీ గుండెకు మేలు చేసేది కాదు. 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది, సూరత్ ఉన్న గుజరాత్ లేదు. బీపీ చూపించుకోవడానికి సూరత్‌లో నగరపాలక సంస్థ ఆసుపత్రి స్మిమెర్, ప్రభుత్వ న్యూ సివిల్ ఆసుపత్రి ఉన్నాయి.

మగ్గం దగ్గర్నుంచి నేరుగా వచ్చి చెయ్యి చాపితే అంకె నమ్మదగ్గది కాదు. టీ, పొగాకు మానిన అరగంటకు, ఐదు నిమిషాలు మాటల్లేకుండా కూర్చుని, చేతిని గుండె ఎత్తున ఉంచి కొలవాలి.