నాటక సమాజములు - పరమత గౌరవము

తెలుగునాట గ్రంథాలయోద్యమమును నాటకోద్యమమును ఇంచుమించు ఒకే తరమువారి చేతులలో పెరిగినవి. పగలెల్ల పొలమునను, మగ్గము వద్దను, కచేరీలోను శ్రమించిన మనుష్యులు సాయంకాలమున ఒకచోట చేరి పత్రికను చదివించుకొని వినుటయు, రాత్రి లాంతరు వెలుగున పద్యములు వల్లించుటయు ఈ రెండుద్యమముల వలననే గ్రామములలో అలవాటైనవి. వారికి జీతము లేదు. ఎవరి బలవంతమును లేదు. ఇష్టమొక్కటియే వారిని కూర్చినది. అట్లు ఇష్టము వలన కూడినవారిలో భిన్నమతములవా రెట్లు మెలగిరి, ఒకరి విశ్వాసమును మరియొక రెట్లు చూచిరి అను విషయము పరిశీలింపదగినది. గుడిలో ఒక మతమువారు కూడుదురు. మసీదులోను చర్చిలోను అట్లే. సంతలో అందరును కూడినను బేరము తీరగానే ఎవరి దారి వారిది. నెలల తరబడి ఒకే చాపమీద కూర్చుండి, ఒకరి తప్పు నొకరు దిద్దుకొనుచు, ఒకరి మాట కొకరు అందుకొనవలసినది నాటక సమాజమున మాత్రమే.

ఈ చరిత్ర సి.బెళగల్ ప్రాంతమువారికి పరాయిది కాదు. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించువరకు బళ్ళారి జిల్లాలోనివే. ఆ బళ్ళారి పట్టణమే ఆధునికాంధ్ర నాటకమునకు పురిటిల్లు. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు 1886లో అచ్చట సరసవినోదినీ సభను స్థాపించిరి. కోలాచలం శ్రీనివాసరావుగారు సుమనోరమా సభను నడిపిరి. ఇరువురును వకీళ్ళు. నాటకము వారికి జీవనాధారము కాదు. మనసుపడి చేపట్టిన వ్యాసంగము. పగలు కోర్టులో వాదించి, రాత్రి ముఖమునకు రంగు పూసికొని రంగస్థల మెక్కిన విద్యావంతులను చూచి ముక్కున వ్రేలు వైచుకొన్నవారు ఆ కాలమున తక్కువగా లేరు. అయినను వారి ఉత్సాహము జిల్లా యంతటను వ్యాపించెను.

కోలాచలము వారికి చారిత్రక నాటకములయందు మక్కువ యెక్కువ. విజయనగర పతనమును ఇతివృత్తముగా గొని వారు రామరాజు చరిత్రమను నాటకమును రచించిరి. హంపీ శిథిలములు బళ్ళారికి చేరువనే యున్నవి. ఆ రాళ్ళను చూచినవారి గుండె బరువెక్కుట సహజము. కాని యిట్టి కథ రంగస్థల మెక్కినప్పుడొక ప్రమాదము పొంచియుండును. ఒక మతమువారందరును ధర్మాత్ములనియు, మరియొక మతమువారందరును క్రూరులనియు ప్రేక్షకుడు తలపోసి యింటికి పోవచ్చును. చరిత్ర అంత తేలికయైనది కాదు.

రెండవ దేవరాయలు తన సింహాసనము నెదుట ఖురానును ఉంచి, కొలువులోని ముస్లిము సైనికులు ఇబ్బంది లేక వందన మర్పించునట్లు చేసెనని ఫెరిస్తా వ్రాసెను. 1565లో విజయనగరముపై కూడిన సుల్తానులలో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా ఒకడు. అతడు రాజ్యమునకు రాకముందు ఏడేండ్లపాటు విజయనగరముననే తలదాచుకొన్నవాడు. తెలుగు కవిత్వమునకు చెవియొగ్గినవాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అతనికే అంకితమిచ్చెను. బిజాపురపు అలీ ఆదిల్ షా రామరాయలతో చేయికలిపి అహమ్మదునగరముపై దండెత్తినవాడే. రామరాయల సేనలోను ముస్లిము సేనానులుండిరి. రాజ్యలోభము, పగ, భయము, పొత్తు అనునవి ఆ యుద్ధమును నడిపినవి. ఈ వివరములు తెలిసినవాడు ఆ నాటకమును చూచి కన్నీరు పెట్టవచ్చును గాని, పొరుగింటి మస్తాను సాహెబును అనుమానముతో చూడడు. నాటక సమాజమునకు గ్రంథాలయము తోడుండవలెననుటకు ఇంతకంటె కారణము వేరొకటి అక్కరలేదు.

ఆ నాటకమున పఠాను రుస్తుము పాత్రకు ప్రాణము పోసినవారు బళ్ళారి రాఘవగారు. 1880 ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో జన్మించిన రాఘవాచార్యులవారు ధర్మవరము వారికి మేనల్లుడు, వృత్తిచే న్యాయవాది. ఆచార్య కుటుంబమున పుట్టిన యీయన పఠాను వేషము కట్టగా, ఆ పాత్ర ఆయన పేరును దేశమంతట మోసికొనిపోయెను. రాగాలాపనలు, పద్యముల సాగదీతలు రాఘవగారికి నచ్చెడివి కావు. పాత్రయొక్క మనసు తెలిసికొని సహజముగా పలుకుటయే నటనమని ఆయన మతము. ఒథెల్లో, షైలాకు వంటి షేక్స్పియరు పాత్రలను గూడ ఆయన ధరించిరి. షైలాకు యూదుడు, యూరపు రంగస్థలమున చిరకాలము వడ్డీవ్యాపారి గేలిబొమ్మగా నిలిచినవాడు. అట్టి పాత్రలోని అవమానమును, మానవ హృదయమును పట్టుకొనుటలోనే నటుని శక్తి తెలియును.

దీనబంధు కబీరు అను హిందీ నాటకమున రాఘవగారు నటింపగా 1927లో గాంధీమహాత్ముడు చూచి మెచ్చుకొనిరి. కబీరు కాశిలో ముస్లిము నేతగాండ్ర యింట పెరిగినవాడు. రామానందుని గురువుగా తలచినవాడని సంప్రదాయము. హిందువులును ముస్లిములును మావాడని చెప్పుకొన్నవాడు. మగ్గముల చప్పుడు వినని వీధి లేని ఎమ్మిగనూరు వంటి నేతపట్టణపు ప్రజలకు, మగ్గముపైనుండియే మతకలహమును మందలించిన ఆ సాధువు ఎంత సన్నిహితుడో చెప్పనక్కరలేదు.

రాఘవగారి నటన వలన ఒక సూక్ష్మము తెలియుచున్నది. కుమ్మరి గాని, కంచరి గాని మూసలో పోసి చేసిన బొమ్మలన్నియు ఒక్కతీరుననే యుండును. మనుష్యు లట్లుండరు. గడ్డము, టోపీ, తప్పుడు తెలుగు కలిపినచో ముస్లిము పాత్ర యైనదనుకొనుట, పిలక, బొజ్జ, భోజనప్రీతి కలిపినచో బ్రాహ్మణ పాత్ర యైనదనుకొనుట, కాసుల సంచి, పిరికితనము కలిపినచో కోమటి పాత్ర యైనదనుకొనుట - ఇవి మూసపాత్రలు. ప్రేక్షకుడు నవ్వును గనుక నటునికవి సులభముగా కనబడును. అవి కళలో సోమరితనము, సంఘమున అమర్యాద. పాత్రను శ్రద్ధగా పరిశీలించిన నటు డీ రెండు దోషములనుండియు ఒక్కసారిగ తప్పించుకొనును.

మూస యెంత దూరము పోగలదో చింతామణి నాటక చరిత్ర తెలుపుచున్నది. కాళ్ళకూరి నారాయణరావుగారు వేశ్యావ్యసనమును ఖండించుటకై వ్రాసిన సంస్కరణ నాటకమిది. తుద కది భక్తియందు విశ్రమించును. అందలి సుబ్బిశెట్టి ఆ వ్యసనమునకు లోబడినవారిలో ఒకడు మాత్రమే. కాని దశాబ్దముల తరబడి రాత్రి రాత్రికి నవ్వులు పెంచదలచిన ప్రదర్శకులు ఆ పాత్రకు తమ మాటలను, చేష్టలను జోడించుచు పోయిరి. వ్యక్తి పోయి కులము నిలిచెను. కథ పోయి ఎగతాళి నిలిచెను. వైశ్యసంఘముల అభ్యర్థనపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2022 జనవరిలో ఆ నాటక ప్రదర్శనను నిషేధించెను. నూరేండ్ల నాటకమును మాన్పుట తగదనియు, తమ బ్రతుకు తెరువు పోయినదనియు కళాకారులు వాపోయిరి. వివాదము ఉన్నత న్యాయస్థానమునకును వెళ్ళెను. నొచ్చుకొన్నవారి బాధయు నిజమే, పొట్టకూటికై వేషము కట్టువారి బాధయు నిజమే. ఆ సమాజములే మొదట తమ నవ్వునకు ఎల్ల గీచుకొనియున్నచో, సర్కారు ఉత్తరువు వరకు వ్యవహారము పోయెడిది కాదు.

ఇతరులు పోసిన మూసలో ఇమడక బయటికి వచ్చిన మహనీయులను తలచుట ఇచ్చట అవసరము. 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువాగారు క్రైస్తవులు. అస్పృశ్యతా బాధను అనుభవించినవారు. కులమును బట్టి కవిసభలలో అవమాన మెదురయ్యెను. క్రైస్తవునికి పురాణ కథ లేలయని స్వమతస్థులలోను గొణిగినవారుండిరి. ఆయన మాత్రము పారసీక కవి ఫిరదౌసి కథను కావ్యముగా వ్రాసిరి. గబ్బిలము చేత కాశీవిశ్వేశ్వరునికి పేదవాని మొర పంపిరి. క్రీస్తు చరిత్రమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి నందిరి. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు స్వయముగా ఆయన కాలికి గండపెండేరము తొడిగిరి.

వీటికంటెను గ్రామీణులకు దగ్గరైన విశేష మొకటి కలదు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి హరిశ్చంద్ర నాటకమును ఆడునప్పుడు, కాటిసీనులో నటులు జాషువాగారి శ్మశానవాటిక పద్యములను చేర్చి పాడుట ఆచారమైనది. ఆ పద్యముల కొరకే తెల్లవారుజాము వరకు మేలుకొని కూర్చుండు ప్రేక్షకులు కలరు. సత్యవ్రతుడైన పౌరాణిక చక్రవర్తి నోట, అత్యంత దుఃఖసమయమున, పలుకుచున్నవాడు ఒక క్రైస్తవ కవి. ఆ క్షణమున కవి మతమేదని యెవరును అడుగరు. వన్స్ మోరని మాత్రమే కేకవేయుదురు.

బుఱ్ఱకథా చక్రవర్తి షేక్ నాజరుగారి చరిత్రయు ఇట్టిదే. గుంటూరు మండలమున 1920లో దూదేకుల కుటుంబమున పుట్టిన ఆయన పల్నాటి వీరచరిత్రను, బొబ్బిలి కథను గానముచేయగా వేలకొలది జనులు ఊపిరి బిగబట్టి వినిరి. దూదేకులవారిని హిందువులు ముస్లిములనియు, ముస్లిములు తమకు సాటిరారనియు చిన్నచూపు చూచుట కలదు. నాజరుగారు తన జీవితకథకు పింజారి యని పేరుంచిరి. ఎగతాళిగా పిలిచిన పేరే గౌరవనామమయ్యెను. 1986లో పద్మశ్రీ బిరుదము ఆయనను వరించెను.

స్త్రీల విషయమునను మూస యొకటి యుండెను. రంగస్థల మెక్కిన స్త్రీ కులీన కాదని సంఘము శాసించిన దినములలో, స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని రాఘవగారు పట్టుబట్టిరి. కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులు ఆ పిలుపు నందుకొనిరి. ఒక మూసను పగులగొట్టిన చేతులకు రెండవ మూసను పగులగొట్టుట కష్టము కాదని ఇందువలన తెలియుచున్నది.

తుంగభద్రాతీర వాసులకు పరమత గౌరవము పుస్తకములలో మాత్రమే చదువవలసిన విషయము కాదు. నదికి ఎగువనున్న మంత్రాలయ క్షేత్రపు మంచాల గ్రామమును రాఘవేంద్రస్వామివారికి ఆదోని పాలకుడైన సిద్ది మసూద్ ఖాను దానమిచ్చెనని మఠ సంప్రదాయము చెప్పుచున్నది. స్వామివారు 1671లో అచ్చట బృందావన ప్రవేశము చేసిరి. ఆదోనిలో జామియా మసీదును కట్టించినవాడును ఆ మసూద్ ఖానే. రాయలసీమ పల్లెలలో పీర్ల పండుగనాడు పీరు నెత్తువారిలో, అలావా చుట్టు అడుగువేయువారిలో హిందువులు ఎందరో కలరు. హుసేనప్ప, దస్తగిరి, ఇమామప్ప యను పేర్లు హిందువుల యిండ్లలో వినబడుచుండును. మ్రొక్కు తీరి పుట్టిన బిడ్డకు ఆ పేరు పెట్టిన తల్లి తన మతమును విడువలేదు. పొరుగువాని మతమును తక్కువచేయను లేదు.

అయినను పండుగనాటి సామరస్యము తనంత తాను నిలుచునని నమ్మరాదు. సమాజ సభ్యులు దినదినము పాటింపవలసిన మర్యాదలు కొన్ని కలవు. ప్రదర్శనకు ముందు కొబ్బరికాయ కొట్టి హారతి యిచ్చుట చాలచోట్ల వాడుక. అది భక్తిగలవారికి పవిత్రము. దానిని చులకన చేయుట తగదు. అట్లే, తన మతము ఒప్పదని చేతులు కట్టుకొని మౌనముగా నిలిచిన సభ్యుని సందేహింపను తగదు. రంజాను మాసమున ఉపవాసమున్న తబలా వాద్యకునికై ఇఫ్తారు ముగిసిన వెనుక రిహార్సలు పెట్టుకొన్నచో నాటకమునకు నష్టము లేదు. రామునివేషము కట్టినన్నాళ్ళు మాంసము ముట్టనని నియమము పూనిన నటుని, నమ్మకము లేని మిత్రుడు గేలిచేయకుండుటయు అట్టి మర్యాదయే. విశ్వాసము లేనివానికిని సమాజమున చోటుండవలెను. పద్యము శ్రుతిలో పడినదా, మాట సమయమున కందినదా యనునవే అందరికిని సమానమైన కొలతలు. హార్మోనియము మెట్టు తప్పినచో ఏ మతమువాని చేతనైనను తప్పియే పలుకును.

వేరు మతమువాని వేషము కట్టువా డా మతమువానిని అడిగి తెలిసికొనుట మరియొక మర్యాద. నమాజు చేయు పాత్రయున్నచో చేతు లెట్లు కట్టవలెనో ముస్లిము మిత్రుని అడుగవలెను. సంధ్య వార్చు పాత్రయున్నచో తెలిసిన బ్రాహ్మణుని అడుగవలెను. అడిగినవాని కళ మెరుగగును. అడుగబడినవానికి తన ఆచారమును గౌరవించిరను తృప్తి కలుగును. ఇట్టి చిన్న ప్రశ్నల వలననే పెద్ద అపోహలు తొలగును.

గ్రంథాలయపు బీరువాలో కోలాచలము వారి చెంత జాషువా, జాషువా చెంత కబీరు కూర్చుండగలరు. అచ్చటినుండి పుస్తకమును తీసి చదివి, దానిని రంగస్థలమునకు ఎక్కించు యువకులు ఈ సీమలో నేటికిని కొరతపడలేదు. కర్నూలున జన్మించి గ్రంథాలయముల కొరకును వయోజన విద్య కొరకును జీవితమును ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు అక్షరమును సామాన్యుని గడపకు చేర్చిరి. ఆ అక్షరము సాటివానిని సరిగా చూచుటకు కన్నుగా నుపయోగపడినప్పుడే వారి కృషి ఫలించినట్లు. రాబోవు పాతికేండ్లలో ఈ పల్లెల చావడులయందు ఎన్ని నాటకము లాడినను, వేషము కట్టినవాడును, కథలో చిత్రింపబడినవాడును, చూచువాడును తలయెత్తుకొని యింటికి పోవుదురు గాక!