జోడు సామాజిక శాస్త్రాల డిగ్రీ

బి.ఏ.లో రెండు సామాజిక శాస్త్రాలను మేజర్, మైనర్‌గా కలిపి చదివే పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో సింగిల్ మేజర్ విధానంతో వచ్చింది. అంతకుముందు మూడు సబ్జెక్టులకూ సమాన ప్రాధాన్యం ఉండేది. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం కలిసిన హెచ్‌ఈపీ గ్రూపు సర్వీస్ కమిషన్ పరీక్షలకూ అక్కరకొచ్చేది. విజయవాడలోని గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు షాపుల్లో డిగ్రీ పుస్తకాలు కొనేవారు పనిలోపనిగా గ్రూప్-2 మెటీరియల్ కూడా తిరగేసేది అందుకే.

జోడీ కుదిరితే చదువు చిక్కబడుతుంది. కృష్ణా డెల్టా కౌలు రైతునే తీసుకోండి: మక్తా, అప్పు, దిగుబడి లెక్కలు అర్థశాస్త్రంలో తేలతాయి. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డుకు భూయజమాని అంగీకారం కావాలి. ఆ అంగీకారం ఎందుకు దొరకదో రాజనీతిశాస్త్రం చెప్పాలి. అయితే ఈ జోడీ ఎంపిక కాగితం మీద విద్యార్థిదే. నిజానికి కాలేజీలో ఏ సబ్జెక్టుకు లెక్చరర్ ఉన్నారన్నదే మైనర్‌ను ఖాయం చేస్తుంది.