పొలుసు, ఎముక, పన్ను: కోట శిలలను చదివిన తీరు

సిరొంచకు ఎగువన, ప్రాణహిత ఎడమ గట్టున కోట అనే చిన్న ఊరుంది. అక్కడి సున్నపురాయి పలకలుగా చీలుతుంది. కొన్ని పలకల మీద చేపలు ఒంటి పొలుసులతో సహా రాయై కనిపిస్తాయి. పెంకుటింటి కప్పులా పొలుసులు వరస తప్పకుండా పరుచుకుని ఉంటాయి; వాటి నునుపు ఇంకా పోలేదు. ఈ రాళ్ల కథ లోకానికి తెలిసింది ఆ చేపల వల్లే.

1851లో కల్నల్ సైక్స్, ఎగర్టన్‌లు ఈ చేపలను వర్ణించారు. ఇవి ఇంగ్లండులోని జురాసిక్ చేపలను పోలి ఉండటంతో రాళ్ల వయసుకు మొదటి ఆధారం దొరికింది. సింగరేణి బొగ్గు జాడ తీసిన విలియం కింగే 1881లో ప్రాణహిత-గోదావరి లోయ భూగర్భ చరిత్ర రాశారు. ఆయన కోట పొరలను, అదే లోయలోని మాలేరి పొరలను జంటగా లెక్కించారు. మాలేరి పొరలు ఇంకా పాతవని, ట్రయాసిక్ కాలానివని తరవాతి పరిశోధకులు వేరుచేశారు.

కోట పొరల్లో అడుగున ఇసుకరాయి, దానిపైన ఎర్రమట్టి రాళ్లు, వాటి నడుమ సున్నపురాయి ఉంటాయి. ఇసుకను తెచ్చింది నదులు. సున్నం పేరుకున్నది నిలవనీటి మడుగుల్లో. భూమి పగుళ్ల మధ్య కుంగుతూ వచ్చిన లోయ కాబట్టే ఇంత ఒండ్రు నిలిచింది.

1958 నుంచి భారత గణాంక సంస్థ పరిశోధకులు గోదావరి లోయలోని పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి కాదు) రాయైన పెద్ద పెద్ద మానుల నడుమ సుమారు 300 డైనోసార్ ఎముకలు వెలికితీశారు. ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్లు! 'బడా పా' అంటే పెద్దకాలు. టాగూర్ శతజయంతి జ్ఞాపకంగా 1975లో ఆ డైనోసార్‌కు బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. 1988లో పి. యాదగిరి యామన్‌పల్లిలో దొరికిన మరో డైనోసార్ ఎముకలకు కోటసారస్ అని కోట పొరల పేరే పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది.

1980ల్లో వెతుకులాట జల్లెడకెక్కింది. మట్టిని కడిగి వడగడితే ఎలుకంత క్షీరదాల పళ్లు చిక్కాయి. అంత పెద్ద డైనోసార్లు తిరిగిన చోటే ఇంత చిన్న ప్రాణులూ బతికాయని అప్పుడు రుజువైంది.

ఆ రెండు డైనోసార్లకూ పళ్లు దొరికాయి గానీ పుర్రెలు దొరకలేదు. అందుకే ఆ లోయలో బావి తవ్వినా, రోడ్డు వేసినా, తీసిన మట్టిని ఒక్కసారి కళ్లతో చూసి పారబోయాలి.